లోపలివైపు ప్యాడ్



మా ఇంట్లో పుస్తకాల బీరువా మీద రెండు ఇనప ముక్కలున్నాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పడుతుంది. ఇంటికొచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుని, "ఇవేంటి మాస్టారూ, పేపర్ వెయిట్లా?" అని అడుగుతుంటారు. అవి మా కారు వెనక ఎడమ చక్రం నుంచి ఊడదీసిన బ్రేకు ప్యాడ్లు. రెండూ బండితోపాటే వచ్చాయి. ఒకే చక్రానికి చెరోవైపు కూర్చుని 62 వేల కిలోమీటర్లు తిరిగాయి. అయినా ఒకదానిమీద ఇంకా ఆరు మిల్లీమీటర్ల మందం మిగిలే ఉంది. రెండోది అరిగి అరిగి వట్టి ఇనప రేకయిపోయింది.

కవలపిల్లల్లాంటి ఈ రెండింటికీ ఇంత తేడా ఎందుకొచ్చిందన్నదే ఇవాళ నేను చెప్పబోయే సంగతి. వెనక ప్యాడ్లు ఇంటి దగ్గర ఎలా మార్చుకోవచ్చో కూడా చెబుతాను. కాకపోతే పాతవి తీసి కొత్తవి పెట్టడం ఇందులో చిన్న పని. పాతవి ఎందుకు అరిగాయో చూడటమే పెద్ద పని.

కిందటి డిసెంబరులో అరకు వెళ్ళాం. విశాఖపట్నంలో ఉండేవాళ్ళకు చలికాలంలో అరకు పుట్టింటి లాంటిది. ఏడాదికోసారి వెళ్ళి రాకపోతే తోచదు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే వెనక ఎడమవైపు నుంచి, రోటిలో రాయి పడ్డట్టు, గరగరమని చప్పుడు. శృంగవరపుకోటలో టీకి ఆగాం. దిగి చూస్తే ఆ చక్రం దగ్గర మాడువాసన. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే సెగ.

నిజానికి బండి అంతకు ముందు నెలరోజులుగా చెబుతూనే ఉంది. బ్రేకు తొక్కినప్పుడల్లా సన్నగా కీచుమనేది. దుమ్ము పట్టి ఉంటుందిలే అనుకున్నాను. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పకూడదు గానీ, ఆ కీచు వినబడకుండా రేడియో సౌండు పెంచుకున్నాను.

ఆ కీచు ఊరికే వచ్చింది కాదు, కావాలని పెట్టింది. చాలా ప్యాడ్లకు అంచున చిన్న ఇనప నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడ్ రెండు మిల్లీమీటర్ల దాకా అరిగేసరికి ఆ నాలుక తిరిగే డిస్క్‌కు తగులుతుంది. కీచుమంటుంది. నన్ను మార్చండి అని అది చెప్పే మాట అదే. ఆ మాట వినకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకునే గరగర మొదలవుతుంది. కీచు దగ్గర ఆగితే ప్యాడ్లతో పోతుంది. గరగర దాకా పోనిస్తే డిస్క్ కూడా మార్చుకోవాల్సి రావచ్చు.

కారు తెలియనివాళ్ళకు కూడా సైకిల్ బ్రేకు తెలుసు. హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే రెండు రబ్బరు ముక్కలు అటూ ఇటూ వచ్చి చక్రం అంచును పట్టుకుంటాయి. కారులో డిస్క్ బ్రేకు పనిచేసేది కూడా అంతే. చక్రంతో కలిసి ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంటుంది. అదే డిస్క్. దాన్ని పట్టకారులా పట్టుకుని ఉండేది కాలిపర్. పట్టకారు రెండు మూతులకూ తొడిగినవి ప్యాడ్లు. సైకిలుకు తీగ ఉన్నచోట ఇక్కడ బ్రేకాయిలు ఉంటుంది. మన పాదం పెట్టిన ఒత్తిడిని ఆ ఆయిలు కాలిపర్‌లోని పిస్టన్ దాకా మోసుకెళ్తుంది. పిస్టన్ ప్యాడ్‌ను తోస్తుంది.

ఈ ప్యాడ్లు మోసే భారం ఎంతో ఒక లెక్క చెబుతాను. మనుషులూ సామానూ కలిపి రెండు టన్నుల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. దాన్ని ఒక్కసారి ఆపితే పుట్టే వేడితో లీటరున్నర చన్నీళ్ళు మరిగించొచ్చు. అరకు ఉన్నది సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన. అక్కడినుంచి కిందికి, గేరు సాయం లేకుండా వట్టి బ్రేకు మీదే దిగితే, ఆ వేడికి యాభై లీటర్లకు పైగా నీళ్ళు మరుగుతాయి. ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకోవచ్చు. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెప్పేది అందుకే. ఆ వేడిలో కొంత ఇంజిను పంచుకుంటుంది.

వేరేది అరగకుండా తాను అరగడమే ప్యాడ్ పని. ఈ ఆలోచన కారు పుట్టినప్పుడే పుట్టింది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారులో పుట్టింటికి బయల్దేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. కారులో అంత దూరం ప్రయాణం అంతకు ముందు ఎవరూ చేసి ఎరగరు. ఆ బండికి చెక్క బ్రేకు దిమ్మలు. పల్లాలు దిగీ దిగీ అవి అరిగిపోయాయి. ఆవిడ దారిలో ఒక చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి, ఆ దిమ్మలకు తోలు కొట్టించింది. బ్రేకుకు లైనింగు వేయడం అలా మొదలైందంటారు. చెక్క అరక్కుండా తోలు అరుగుతుంది, తోలు అరిగితే ఇంకో ముక్క కొట్టిస్తే సరిపోతుంది. మనం ఇవాళ చేసేదీ అదే పని.

ఇక వెనక చక్రాల సంగతి. బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే అందరం ముందుకు తూలతాం. బండి బరువు కూడా అలాగే ముందుకు తూలుతుంది. అందుకని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అక్కడి ప్యాడ్లు పెద్దవి, వెనకవి చిన్నవి. ఆ లెక్కన వెనకవి ఎక్కువ కాలం రావాలి. కానీ జారుడు నేల మీద బండి పట్టు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు మనకు తెలియకుండానే వెనక బ్రేకులను వాడుతుంటాయి. ముందు చక్రాలు లేపిన దుమ్మూ బురదా వెనకవాటి మీదే పడతాయి. హ్యాండ్ బ్రేకు ఉండేదీ వెనకే. వీటన్నిటికీ తోడు, ముందు ప్యాడ్లు చూసినంత శ్రద్ధగా వెనకవి ఎవరూ చూడరు.

అరకు నుంచి వచ్చిన మర్నాడు నాకు తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను. పాతికేళ్ళుగా చేయి తిరిగినవాడు. ఇంటి దగ్గర నేనే మార్చుకుంటానంటే వద్దనలేదు. "మాస్టారూ, పేడ్లు మార్చీడం పావుగంట పనండి. పిన్నులు ఆడతన్నాయో లేదో సూసుకోండి. అసలు పనదే" అన్నాడు. ఆ మాట విలువ నాకు ప్యాడ్లు ఊడదీశాక గాని తెలియలేదు.

ఆదివారం పొద్దున్న సెల్లారులో పని మొదలుపెట్టాం. నేనూ, మా అమ్మాయీ. కింద సిమెంటు నేల, చదునుగా ఉంది. వాలు మీదా, మట్టి నేల మీదా ఈ పని తలపెట్టకూడదు.

వెనక చక్రం దగ్గర ఒక చిక్కుంది. ప్యాడ్లు తీయాలంటే హ్యాండ్ బ్రేకు దించాలి. హ్యాండ్ బ్రేకు దించితే బండి దొర్లుతుంది. అందుకని ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా అడ్డం పెట్టాం. మాది ముందు చక్రాలు లాగే బండి కనక గేరులో ఉంచితే ఆ చక్రాలు కదలవు. వెనక చక్రాలు లాగే బండికి ఈ ధీమా లేదు. అందులో ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తే గేరు ఉన్నా బండి కదిలిపోవచ్చు. అలాంటి బండికి దిమ్మలే దిక్కు.

చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేశాం. తర్వాత, మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి ఎత్తాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తిన బండి కింద జాక్ స్టాండు పెట్టి, బరువు దానిమీదికి దించాకే చేతులు పెట్టాలి. ఇటుకలు పేర్చడం, సిమెంటు దిమ్మలు పెట్టడం అసలు పనికిరాదు. అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండు లేకపోతే ఆ రోజుకు పని లేదనుకోండి. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందికి పడుకోబెట్టి తోశాం. అన్నీ తప్పినా, ఆఖరికి బండి దానిమీద పడుతుంది గాని మన మీద పడదు.

చక్రం తీశాక కనిపించే నల్లటి పొడిని నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. ఒకప్పుడు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల ప్రాణం తీస్తుంది. ఇప్పటి ప్యాడ్ల పొడి అయినా పీల్చదగ్గది కాదు. మూతికి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.

కాలిపర్‌ను పట్టి ఉంచేవి రెండు బోల్టులు. మా బండికి కింది బోల్టు ఒకటి తీస్తే కాలిపర్ పెట్టె మూతలా పైకి లేస్తుంది. కొన్ని బళ్ళకు రెండూ తీయాలి. అప్పుడు దాన్ని తీగతో స్ప్రింగుకు కట్టి వేలాడదీయాలి. బ్రేకాయిలు వచ్చే రబ్బరు గొట్టం మీద దాని బరువు పడకూడదు. ఆ గొట్టం లోపల ఎక్కడన్నా చిట్లితే పైకి కనిపించదు.

పాత ప్యాడ్లు రెండూ బయటికి లాగి నేలమీద పక్కపక్కన పెట్టాను. మా అమ్మాయి వంగి చూసి, "నాన్నా, ఇదేంటి? ఇది సగం కూడా అరగలేదు!" అంది. నిజమే. బయటివైపు ప్యాడ్ నిక్షేపంగా ఉంది. లోపలివైపుది రేకయిపోయింది. చక్రం కమ్మీల సందులోంచి నాకు రోజూ కనిపించేది ఆ బయటివైపుదే. బండి తుడిచినప్పుడల్లా దాన్నే చూసి, ఇంకా బోలెడు మందం ఉందిలే అని నిశ్చింతగా ఉన్నాను.

మెకానిక్ చెప్పిన పిన్నులు అప్పుడు గుర్తొచ్చాయి. మా కాలిపర్‌కు పిస్టన్ ఒక్కటే, అదీ లోపలివైపు. ముందు అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కేసి నొక్కుతుంది. ఇక ముందుకు పోవడానికి చోటు లేక కాలిపర్ మొత్తాన్ని వెనక్కి నెడుతుంది. అలా వెనక్కి జరిగిన కాలిపర్ బయటి ప్యాడ్‌ను లాగి డిస్క్‌కు అదుముతుంది. కాలిపర్ అలా అటూ ఇటూ జరగడానికి దారి చూపేవి రెండు నున్నటి పిన్నులు. వాటికి రబ్బరు తొడుగులు ఉంటాయి, లోపల గ్రీజు ఉంటుంది. మా బండికి పైపిన్ను తొడుగు చిరిగిపోయి ఉంది. సముద్రపు గాలి, వానాకాలపు నీరు లోపలికి పోయి, గ్రీజు ఎండి, పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే రెండు ప్యాడ్ల పనీ చేసింది. బ్రేకు వదిలాక కూడా వెనక్కి రాలేక డిస్క్‌కు రాసుకుంటూనే ఉంది. శృంగవరపుకోటలో తగిలిన సెగ దానిదే.

అంటే ఏమైంది? నేను ఆ రోజు ఉన్నవి ఊడదీసి కొత్తవి పెట్టేసి చేతులు కడుక్కుని ఉంటే, బండి నిశ్శబ్దంగా నడిచేది. నేనూ భుజం తట్టుకునేవాణ్ణి. ఆ కొత్త లోపలి ప్యాడ్ కూడా అదే దారిన పోయేది. అరుగుదల జబ్బు కాదు, జబ్బు చెప్పే లక్షణం. రెండూ సమానంగా అరిగితే అది వయసు. లోపలిది ఒక్కటే అరిగితే పిన్ను బిగుసుకుంది, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉంటే, ఒక పిన్ను జరుగుతోంది, రెండోది జరగడం లేదు. ఎడమ చక్రానివి అరిగి కుడి చక్రానివి బాగుంటే, ఎడమవైపు హ్యాండ్ బ్రేకు తీగ పట్టేసిందేమో చూడాలి. పాత ప్యాడ్లు పారేసే ముందు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఇవన్నీ అవే చెబుతాయి.

పిన్ను తీయడానికి గంట పట్టింది. బయటికి వచ్చాక ఉప్పు కాగితంతో తుప్పు గీకాం. కాని దాని నునుపు పోయింది. అందుకని పిన్నూ తొడుగూ రెండూ కొత్తవి తెచ్చాను. గ్రీజు విషయంలో మాత్రం పొదుపు వద్దు. బండి బేరింగులకు వాడే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు దొరుకుతుంది. అది పిన్నులకు పలచగా పట్టించాలి. ప్యాడ్ ముఖానికి గాని, డిస్క్‌కు గాని మరక కూడా తగలకూడదు. ప్యాడ్లు కూర్చునే గాడిని ఇనప బ్రష్షుతో రుద్ది, సన్నటి స్టీలు క్లిప్పులు కొత్తవి వేశాం.

డిస్క్‌ను కూడా చూడాలి. గోటికి తగిలేంత గాళ్ళు పడ్డాయా? మందం ఎంతుంది? ఇంతకంటే పలచబడితే వాడకూడదన్న కొలత దాని అంచునో, వెనకనో పోతపోసి ఉంటుంది. మాది ఆ కొలతకు పైనే ఉంది గాని, గరగర గీసిన గాళ్ళు లోతుగా ఉన్నాయి. వెనక డిస్క్‌లు రెండూ మార్చక తప్పలేదు. ఆ కీచు వినకపోయినందుకు నేను కట్టిన జరిమానా అది.

తర్వాత పిస్టన్. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనక వాటికి చోటివ్వడానికి పిస్టన్‌ను వెనక్కి పంపాలి. ముందు చక్రాలకైతే సి-క్లాంపు పెట్టి మెల్లగా నొక్కితే పోతుంది. వెనక చక్రాల దగ్గర ఆ పప్పులు ఉడకవు. హ్యాండ్ బ్రేకు కూడా అదే కాలిపర్‌లో ఉండే బళ్ళలో పిస్టన్ మరమేకులా ఉంటుంది. దాన్ని నొక్కుతూ తిప్పాలి. అందుకు వేరే పనిముట్టు ఉంది. మామూలుగా కుడివైపు తిప్పితే లోపలికి పోతుంది. కొన్ని బళ్ళలో ఒక పక్కది తిరగబడి ఉంటుంది. తిప్పకుండా బలవంతంగా నొక్కితే లోపలి మర విరుగుతుంది, కాలిపరే మార్చుకోవాలి. పిస్టన్ ముఖాన గాడి ఉంటే, ప్యాడ్ వెనకున్న బొడిపె అందులో సరిగ్గా కూర్చోవాలి.

మీట బదులు బటన్ నొక్కితే హ్యాండ్ బ్రేకు పడే బళ్ళున్నవారికి ఒక హెచ్చరిక. అందులో పిస్టన్ వెనక చిన్న మోటారు ఉంటుంది. బండిని సర్వీసు మోడ్‌లో పెట్టి మోటారును వెనక్కి రప్పించకుండా పిస్టన్ జోలికి పోకూడదు. ఆ పద్ధతి మాన్యువల్‌లో లేకపోతే, దానికి కావలసిన పరికరం మీ దగ్గర లేకపోతే, ఆ బండిని షెడ్డుకు పంపడమే మర్యాద.

పిస్టన్ వెనక్కి పోతుంటే బ్రేకాయిలు పైనున్న డబ్బాలోకి తన్నుకొస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది చూసి ఆయిలు తగ్గిందని ఎవరో నింపేస్తారు. ఇప్పుడు అది పొంగి రంగు మీద పడుతుంది. బ్రేకాయిలు పడితే కారు రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళతో కడగాలి. అందుకే ముందే మూత తీసి, ఎక్కువుంటే కొంచెం తోడేయాలి. అన్నట్టు, ఈ ఆయిలు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పట్టాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఘాట్ దిగుతుండగా అది మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా దిగిపోతుంది. మాలాంటి సముద్రతీరపు ఊళ్ళవాళ్ళు రెండేళ్ళకోసారి దాన్ని మార్పించుకోవడం మంచిది.

ప్యాడ్లు ఎప్పుడు మార్చినా రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. పని మాత్రం ఒక్కో చక్రం చొప్పున చేయండి. ఏ ముక్క ఎటు కూర్చోవాలో అనుమానం వస్తే, విప్పని వైపు చూసుకోవచ్చు. బోల్టులు, చక్రం నట్లు మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. నట్లను వరసగా కాకుండా, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది బిగించుకుంటూ పోవాలి.

సాయంత్రం నాలుగింటికి బండి నేలకు దిగింది. పానాలు తుడిచి సర్దేశాను. చాలా ఏళ్ళ కిందట, పాత కారుకు మొదటిసారి ఈ పని చేసినప్పుడు కూడా ఇక్కడి దాకా అంతా సవ్యంగానే చేశాను. ఆ ఉత్సాహంలో ఎక్కి కూర్చుని, స్టార్ట్ చేసి రివర్స్ తీశాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు అంటుకుపోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే అదీ ఉత్తదే. సెల్లారు స్తంభం నన్ను ఆపింది. బంపరుకు పడిన సొట్ట బండి అమ్మేదాకా అలాగే ఉంది.

కారణం చాలా చిన్నది. వెనక్కి పంపిన పిస్టన్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. మొదటి రెండు మూడు తొక్కుళ్ళు ఆ ఖాళీ పూడ్చడానికే సరిపోతాయి. అందుకని బండి కదలక ముందే, నిలబడ్డ చోటే పెడల్ మళ్ళీ మళ్ళీ తొక్కాలి. అది కాలికి గట్టిగా తగిలేదాకా స్టార్టే చేయకూడదు. ఈసారి నేను తలుపు తెరిచేసరికే మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. "స్తంభం కథ నాకు తెలుసు నాన్నా" అంటూ పెడల్ తొక్కుతోంది. నాలుగోసారికి గట్టిపడింది.

తర్వాత డబ్బాలో ఆయిలు మట్టం చూసి, రద్దీ లేని రోడ్డు మీదికి తీసుకెళ్ళాం. 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు మెల్లగా తగ్గించడం, కాసేపు చల్లారనివ్వడం, మళ్ళీ తగ్గించడం. అలా ఎనిమిది పదిసార్లు చేస్తే కొత్త ప్యాడ్ ముఖం డిస్క్‌తో కలిసిపోతుంది. ఇంటికొచ్చాక రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. ఆ రోజు చేసిన పనికి నాకు దక్కిన సర్టిఫికెట్ అదే.

మొదటిసారి ఈ పని ఒంటరిగా చేయకండి. తెలిసినవారిని పక్కన పెట్టుకోండి. పెడల్ మెత్తగా ఉన్నా, ఎక్కడన్నా ఆయిలు చెమ్మ కనిపించినా, బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి. అసలు చేయకపోయినా పరవాలేదు. ఈసారి బండి కడిగేటప్పుడు ఒక టార్చి పట్టుకుని వెనక చక్రం పక్కన కూర్చోండి. మనకు ఎదురుగా కనిపించే ప్యాడ్‌ను కాదు, డిస్క్‌కు అవతల ఉన్నదాన్ని చూడండి. మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే వేళయింది. షెడ్డులో మార్పిస్తే, పాత ప్యాడ్లు అడిగి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

మా బీరువా మీద ఉన్నవి అందుకే దాచాను. ఎవరన్నా పేపర్ వెయిట్లా అని అడిగితే, కాదు, మా బండి రాసిన ఉత్తరం అంటాను. ఆలస్యంగా విప్పి చదివాను.